ట్రాక్టరెక్కిన రొమిల్దమ్మ

కాస్తెల్ గ్రిల్లో కొండల మీది తెల్ల కంకర రోడ్డు మీద మోటారు బండ్లు తిరగకూడదంటే, కౌన్సిల్లో మొదట చెయ్యెత్తినవాడు లొరియానో బిండాచ్చి. మినిట్స్ పుస్తకంలో ఉంది, నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. అరవై ఆరేళ్ళొచ్చి తల మీద జుట్టంతా పోయింది కానీ తలలోని పొగరు మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. చెయ్యెత్తడంలో ఊరి మేలు ఏమీ లేదు. ఎదుటి కొండ గ్వాల్తియేరోగాడి సీసాల లారీలు వేసవి పొడుగునా ఆ రోడ్డున పోతూ లొరియానో ద్రాక్షతోట ముందు వరుసలకి సున్నం కొట్టినట్టు దుమ్ము కొట్టేవి. ఆ లారీలు ఆగితే చాలు, తక్కిన లోకం గంగలో కలిసినా నాకేం అనుకున్నాడు.

ఆ మీటింగు ఫిబ్రవరిలో జరిగింది. కోటలు, పాడుబడ్డ గానుగలు, బురుజులు చుట్టి వచ్చే పదకొండు కిలోమీటర్ల కంకర దారిని సైకిళ్ళ వాళ్ళకి వదిలేస్తే దేశదేశాల నుంచి జనం వస్తారని మేయరు చెప్పాడు. కౌన్సిల్లో పదకొండు మంది, అందరూ ద్రాక్ష రైతులే. మూడు గంటలు కొట్టుకున్నారు. ఎందుకూ? బోర్డు మీద ఎవరి బురుజు పేరు పైన రాయాలని. మా బురుజుకి తొమ్మిది వందల ఏళ్ళంటే మా బురుజుకి వెయ్యి అన్నారు. ఒకాయన ముత్తాత దస్తావేజు పట్టుకొచ్చి బల్ల మీద గుద్దాడు. భోజనాల వేళ దాటిపోయి కడుపులు కరకరలాడుతుంటే మేయరు చివరి కాగితం గబగబా చదివేశాడు: సెప్టెంబరు ఒకటి నుంచి అక్టోబరు ముప్పై ఒకటి దాకా ఈ రోడ్డు మీద ఏ మోటారు వాహనమూ తిరగరాదు. అందరూ చేతులెత్తి, అవే చేతులతో కోట్లు తొడుక్కుని భోజనానికి పరిగెత్తారు.

ఆ విధంగా పదకొండు మంది ద్రాక్ష రైతులు కూడబలుక్కుని ద్రాక్ష కోతల నెలల్లో ద్రాక్ష బండ్లు తిరగకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వాళ్ళకి బుద్ధి లేదనకండి. ఆ కొండల్లో ట్రాక్టరు వాహనం కింద లెక్క కాదు. వాహనమంటే కారు, లారీ, ఊరికే తిరిగేవాళ్ళ బండ్లు. ట్రాక్టరంటే ఇంట్లో మనిషి. మనిషిని రోడ్డు మీద నడవద్దంటారని ఎవరు మాత్రం అనుకుంటారు?

మిగతా పదిమందికీ ఇబ్బంది లేకపోయింది. వాళ్ళ తోటలకి వెనక తారు రోడ్లున్నాయి. లొరియానో తోటకీ ఉండేది. రెండేళ్ళ కిందటి వానకి కింది వంతెన కూలి, కట్టడానికి ఎవరూ రాక, ఇప్పుడు ఆ తోట నుంచి సొసైటీకి ఉన్నది ఆ ఒక్క కంకర దారే. ఆరు కిలోమీటర్లు. సొసైటీ అంటే కొండ దిగువన ఉన్న సహకార వైన్ కేంద్రం. చిన్న రైతుల పళ్ళన్నీ అక్కడే తూచి, అక్కడే తొక్కి, అక్కడే పీపాల్లో పోస్తారు.

సెప్టెంబరు ఆఖరి మంగళవారం లొరియానో ట్రాక్టరుతో రోడ్డెక్కాడు. మలుపులో ఫోస్కా చెయ్యి అడ్డం పెట్టింది. ఫోస్కా మున్సిపాలిటీ పోలీసు, లొరియానోకి పెదనాన్న కొడుకు కూతురు.

"బాబాయ్, ఆపు. వెనక్కి తిప్పు."

"ఏమిటే తిప్పేది? రేపటి నుంచి కోత. దారి ఎలా ఉందో చూసొద్దామని."

"ఇంజనుందా లేదా? చక్రాలున్నాయా లేవా? అయితే వాహనమే. నువ్వే కదా మొదట చెయ్యెత్తావు?"

"నేనెత్తింది లారీల మీదే తల్లీ!"

"కాగితంలో లారీ అని లేదు బాబాయ్. నేను మా నాన్ననైనా ఆపుతా. మొన్న ఆపాను కూడా. అన్నం పెట్టడం మానేశాడు."

లొరియానో ట్రాక్టరు వెనక్కి తిప్పుకొచ్చాడు. ఇంటి ముందు బెంచీ మీద అక్క ఎర్సీలియా చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళు అరిగిపోయి నాలుగేళ్ళయింది, నాలుక మాత్రం ఏటికేడు పదునెక్కుతోంది.

"ఏరా, అప్పుడే వచ్చేశావు? సొసైటీ కొండెక్కి మన దగ్గరికే వచ్చిందా?"

సంగతి విని, చిక్కుడుకాయలు వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని అంది: "సరే, సోమవారం వాళ్ళని రమ్మని కబురంపుతాను."

ఆ మాటతో లొరియానో గుండెలో రాయి పడింది. తోట నాన్న ఇద్దరి పేరునా రాసి పోయాడు. నాన్న నాటిన తీగలు, ఒక్కొక్క మొదలు మనిషి తొడంత లావు. ఎర్సీలియాకి అమ్మేద్దామని పట్టుదల. కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. తీగలన్నీ పీకి అక్కడ సైకిళ్ళు కడుక్కునే చోటూ, సైకిళ్ళవాళ్ళు ఒళ్ళు పట్టించుకునే ఇల్లూ కడతారట. ముందటేడు మంచు కాల్చేసి పంట సొసైటీకి చేరలేదు. నిరుడు అడవిపందులు తిని చేరలేదు. ఇక ఈ ఏడు అక్కాతమ్ముళ్ళు చేతిలో చెయ్యేసి ఒక మాట అనుకున్నారు: పంట సొసైటీ కాటా ఎక్కితే తోట ఉంటుంది, మళ్ళీ అమ్మకం మాటెత్తకూడదు. ఎక్కకపోతే సోమవారం లొరియానో సంతకం పెట్టేస్తాడు. సొసైటీలో ఎర్ర ద్రాక్షపళ్ళు తీసుకునే గడువు శనివారం మధ్యాహ్నం పన్నెండు. శనివారం సాయంత్రం నుంచి వానలని టీవీలో చెప్పారు.

"పీకేస్తారక్కా. నాన్న చేతి తీగలు పీకేస్తారు," అన్నాడు లొరియానో.

"నా మోకాళ్ళు ఎవరు పీకేశారో వాణ్ణి అడుగు ముందు," అని ఎర్సీలియా చిక్కుడుకాయలు మళ్ళీ అందుకుంది.

బుధవారం లొరియానో సైకిలు తీశాడు. కంకర రోడ్డు సైకిళ్ళకే కదా! పాత సైకిలుకి వెనక ఒక పెట్టె, ముందు ఒక పెట్టె కట్టి, నలభై కిలోల పళ్ళతో బయల్దేరాడు. ఎత్తులో దిగి తోశాడు, పల్లంలో దిగి పట్టుకున్నాడు, చదునున్నచోట ఎక్కి పడ్డాడు. గంటంబావు పట్టింది. సొసైటీలో కాటా దగ్గరుండే దూయిలియో పెట్టెలోకి తొంగి చూసి, "లొరియానో, ఇది పళ్ళ కాటా. రసం కావాలంటే పక్క గేటు," అన్నాడు. కంకర కుదుపుకి పళ్ళన్నీ నలిగి లొరియానో వీపు మీదుగా మడమల దాకా కారిపోయాయి. ఇంకా నాలుగు టన్నులుంది. లెక్కేసి చూసుకుంటే క్రిస్మస్ దాటేట్టుంది.

ఆ రాత్రి నిద్రపట్టక, తెల్లారి లేస్తూనే ఆ నిషేధం కాగితం తెప్పించుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిసారి మొదటి నుంచీ చదివాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. కానీ ఒక్కోసారి ఆకులు కూడా పనికొస్తాయి. ఏడో నిబంధన ఇలా ఉంది: మతపరమైన ఊరేగింపులకూ, వాటికి అవసరమైన సాధన సంపత్తికీ పై నిషేధం వర్తించదు.

లొరియానో కాగితం ముద్దు పెట్టుకుని ఫాదర్ సెలెస్తీనో దగ్గరికి పరిగెత్తాడు.

ఫాదర్‌ది కాంగో. ఆ కొండల్లో ఐదు గుళ్ళు ఆయన ఒక్కడే చూసుకుంటాడు. వచ్చి ఆరేళ్ళయింది. ఊరి పునీతురాలు రొమిల్దమ్మ పండగ జనవరిలో వస్తుంది. ఆ చలికి దుప్పటి వదిలి వచ్చే భక్తుడు లేక, ఏటా ఆయనా గంటలు కొట్టే ముసలాయనా ఇద్దరే గుడి చుట్టూ తిరిగి లోపలికి వచ్చేస్తారు. ఆరేళ్ళలో ఊరేగింపు కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి లొరియానో. ఫాదర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"లొరియానో గారూ! మీరా? రొమిల్దమ్మకా? ఏమైనా మొక్కుకున్నారా?"

"మొక్కే అనుకోండి ఫాదర్. శనివారం పొద్దున మా తోట దగ్గర బయల్దేరి సొసైటీ దాకా. అమ్మవారి చెక్క స్వరూపం బరువు కదా, ట్రాక్టరు మీద పెడదాం. ఖాళీగా పెడితే ఊగుతుంది. కింద నాలుగు పళ్ళ పెట్టెలు వేస్తే మెత్తగా కూర్చుంటుంది."

"నాలుగు పెట్టెలా?"

"నాలుగంటే... రెండొందలు."

ఫాదర్ కాసేపు లొరియానో మొహంలోకి చూశాడు. ఆయన మరీ అంత అమాయకుడేం కాదు. "సంతోషం," అన్నాడు. "కానీ ఊరేగింపంటే ఊరేగింపే. మనిషి నడక కన్నా బండి జోరుగా పోకూడదు. పన్నెండు మందికి తక్కువ ఉండకూడదు. దారి పక్కన మరియమ్మ బొమ్మ పెట్టిన గూళ్ళు పదకొండున్నాయి. ప్రతి గూడు దగ్గరా ఆగాలి, ప్రార్థన చెయ్యాలి, రొమిల్దమ్మ పాట పాడాలి. పాట ఎవరికొచ్చు?"

ఊళ్ళో ఆ పాట వచ్చినవాళ్ళు ఒక్కరే మిగిలారు. ఎర్సీలియా. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, తన మీద పందెం కాసిన మనిషినే పాట కోసం బండెక్కించాలి.

"నేనా?" అంది ఎర్సీలియా. "నడవలేనుగా."

"పెట్టెల మీద కుర్చీ వేస్తానక్కా. స్వరూపం పక్కనే."

ఎర్సీలియా ఆలోచించింది. "ఎన్ని చరణాలో తెలుసా దానికి? ఇరవై రెండు."

"నాలుగు పాడితే చాలదూ?"

"సగం పాట పాడితే కాలు బెణుకుతుందిరా," అంది. రొమిల్దమ్మ బెణుకులకి పెట్టింది పేరు. చీలమండ బెణికినా, నడుం పట్టేసినా ఆ ఊళ్ళో డాక్టరు కన్నా ముందు ఆవిడనే తలుచుకుంటారు. గుళ్ళో స్వరూపం కూడా ఎడమ పాదం కొంచెం ఎత్తి పెట్టుకుని ఉంటుంది, ఎక్కడో రాయి తగిలినట్టు.

శుక్రవారం కోత. శనివారం ఎనిమిదింటికి ఊరేగింపు కదిలింది. ముందు ఈల నోట్లో పెట్టుకుని ఫోస్కా. ఏడో నిబంధన ఆమె మూడుసార్లు చదువుకుని వచ్చింది. వెనక తెల్ల వస్త్రాల్లో ఫాదర్. ఆయన వెనక కోత కూలీలు: ఇద్దరు పంజాబీ సర్దార్లు, ఐదుగురు ఆల్బేనియావాళ్ళు. లెక్క చాలక లాక్కొచ్చిన పోస్ట్‌మాన్ ఒకడు. సిలువ పట్టుకునే పని పొడుగ్గా ఉన్నాడని ఒక సర్దార్‌కి ఇచ్చారు. మా ఊళ్ళోనూ ట్రాక్టర్ల మీదే ఊరేగిస్తామని చెప్పి అతను ఎవరూ పట్టనంత తిన్నగా పట్టాడు. ఆ తర్వాత లొరియానో ట్రాక్టరు. ట్రాలీలో రెండొందల పెట్టెలు, వాటి మీద చెక్క రొమిల్దమ్మ. ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి, వంటింటి కుర్చీలో, ఆదివారం గౌనులో, ఎర్సీలియా.

మొదటి గూడు దగ్గర పాట ముగిసేసరికి ఇరవై ఒక్క నిమిషాలయింది. లొరియానో వాచీ చూసుకున్నాడు. ఇలాగైతే పదకొండు గూళ్ళూ అయ్యేసరికి పన్నెండుకి తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. ఫరవాలేదు.

అప్పుడు వెనక నుంచి గంటల చప్పుడు వినిపించింది. సైకిళ్ళు. లావాటి టైర్లు, తాబేటి చిప్పల్లాంటి టోపీలు, ఒంటికి అతుక్కుపోయిన నిక్కర్లు. ముందున్నవాడు ఆరడుగుల పైన ఉన్న డచ్చివాడు, పేరు రూలోఫ్. ట్రాలీని దాటబోతే ఫోస్కా ఈల వేసింది.

"ఊరేగింపును దాటకూడదు. వెనక ఉండండి."

రూలోఫ్ ఫోను చూపించాడు. "మేడమ్, ఇది ట్రాఫిక్ లేని రోడ్డు అని ఇక్కడ ఉంది."

"ఇప్పుడూ లేదు."

"మరి ఇదేమిటి?"

"ఇది ట్రాఫిక్ కాదు. భక్తి. దిగి నడవండి."

రూలోఫ్ దిగాడు. వాడి వెనక తొమ్మిది మంది దిగారు. మూడో గూడుకి పాతికమందయ్యారు. ఐదో గూడుకి అరవై ముగ్గురు. పుట్టిన వెయ్యేళ్ళలో ఆ కంకర రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ కావడం అదే మొదలు. మోటార్లు లేకుండా చేసిన తర్వాతే అయింది. కొందరు పట్టుదలగా సైకిలు దిగకుండా నత్తనడకన తొక్కబోయారు. వాళ్ళ బూట్లు పెడల్‌కి బిగించి ఉంటాయి. బండి ఆగితే కాలు ఊడి రాదు. ఒకడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకి ఒరిగి పక్కవాడి మీద పడ్డాడు, వాడు ఆ పక్కవాడి మీద. వరసగా ఏడుగురు. అందులో ముగ్గురికి చీలమండ బెణికింది.

"ఈవిడ దేనికి పునీతురాలు?" అని రూలోఫ్ అడిగాడు.

"బెణుకులకి," అన్నాడు పోస్ట్‌మాన్.

ఆ మాట వెనక్కి పాకింది. ఆరో గూడు దగ్గర అరవై ముగ్గురు సైకిళ్ళవాళ్ళూ టోపీలు తీసి నిలబడ్డారు. ముగ్గురైతే కుంటుకుంటూ ముందుకొచ్చి స్వరూపం పాదం ముట్టుకున్నారు. ఫాదర్ సెలెస్తీనో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళుగా ఆయన నలుగురైదుగురు ముసలమ్మలకి చెబుతున్న ప్రసంగం ఒకటుంది. ఇంతమంది దొరికారు కదా అని అదీ చెప్పేశాడు.

ఏడో గూడు దాటేసరికి పదీ నలభై.

లొరియానో ట్రాక్టరు దిగి చేతులు జోడించాడు. "ఫాదర్, మిగతా నాలుగూ కలిపి ఒక్క ప్రార్థన చేసేస్తే దేవుడు కాదంటాడా? గేటు మూసేస్తారు."

ఫాదర్ కళ్ళు తుడుచుకుని లొరియానో వైపు నిలదీసినట్టు చూశాడు. "లొరియానో గారూ, మీకు కావలసింది ఊరేగింపా, రవాణానా? రవాణా అయితే ఫోస్కాతో చెప్పండి."

కక్కలేక మింగలేక లొరియానో మళ్ళీ ట్రాక్టరెక్కాడు. అసలు బాధ ఫాదర్ కాదు. పైనుంచి వినిపిస్తున్న పాట. ఎర్సీలియా ఒక్కొక్క మాటనీ జున్నుముక్క చప్పరించినట్టు చప్పరిస్తూ పాడుతోంది. మొదటి గూడు దగ్గర ఇంత సాగదీయలేదు. తొమ్మిదో గూడు దగ్గర ఇరవై రెండు చరణాలూ అయ్యాక ఊపిరి తీసుకుని, "మరిచిపోయాను, ఇంకో చరణం ఉంది," అని అదీ ఎత్తుకుంది.

"అక్కా! కాస్త తొందరగా పాడవే!"

"పాటకి గేర్లుండవురా."

"కావాలనే చేస్తున్నావు. నాకు తెలుసు. పన్నెండు దాటించాలనే నీ ఎత్తు."

ఎర్సీలియా పై నుంచి వంగి చూసింది. మొహం ఎండకి ఎర్రబడింది, జుట్టు రేగిపోయింది, గౌను మీద పళ్ళ రసం మరకలు పడ్డాయి. పాట మళ్ళీ అందుకుంది, ఇంకా గట్టిగా.

ఆఖరి ఎత్తులో ట్రాక్టరు చక్రం కంకరలో తిరిగింది తప్ప కదల్లేదు. అరవై ముగ్గురూ సైకిళ్ళు గట్టున పడేసి ట్రాలీని నెట్టారు. "ఒకటి, రెండు" అని రూలోఫ్ వాడి భాషలో అరుస్తుంటే ఊరేగింపు గట్టెక్కింది. మళ్ళీ ఎవరి సైకిలు వాళ్ళు వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. అన్నీ ఒకేలా తెల్లగా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి మరి.

సొసైటీ గేటు దగ్గరికి వచ్చేసరికి పన్నెండూ తొమ్మిది. గేటు మూసి ఉంది. ఊచల వెనక దూయిలియో చేతిలో తాళం.

"దూయిలియో, తెరువయ్యా. తొమ్మిది నిమిషాలే కదా."

"లొరియానో, నాకూ బాధగానే ఉంది. కానీ మొన్న తెల్లపళ్ళ గడువుకి నాలుగు నిమిషాలు ఆలస్యమైందని గ్వాల్తియేరో మేనల్లుణ్ణి వెనక్కి పంపాను. ఇప్పుడు నీకు తెరిస్తే వాళ్ళు నన్ను బతకనిస్తారా? ఎర్రపళ్ళ గడువు అయిపోయింది."

"ఫోస్కా, నువ్వైనా చెప్పు!"

"గేటు లోపల నా అధికారం చెల్లదు బాబాయ్." ఆమె గొంతు మెత్తబడింది. మొదటిసారి ఈల జేబులో పెట్టుకుంది.

పడమట మబ్బు దిగింది. గాలి తడిగా తగిలింది. లొరియానో ఇంజను ఆపి, స్టీరింగు మీద తల ఆన్చాడు. అంతే, అయిపోయింది. నాలుగు టన్నుల పళ్ళు ఈ సాయంత్రం వానకి తడిసి ముద్దవుతాయి, సోమవారం తాను సంతకం పెడతాడు, నవంబరుకల్లా నాన్న చేతి తీగలు వేళ్ళతో సహా బయటపడి ఉంటాయి. ఎనభై మంది ముందు ఏడవకూడదనుకున్నాడు. ఏడ్చాడు.

అప్పుడు పై నుంచి ఎర్సీలియా గొంతు వినిపించింది.

"ఫాదర్! గూళ్ళు ఎన్నన్నారు?"

"పదకొండమ్మా. అన్నీ అయ్యాయి."

"అవలేదు. పన్నెండు. కాటా వెనక గోడకి మరియమ్మ పలక ఉంది. మా అమ్మ కోతలప్పుడల్లా దాని దగ్గర పువ్వులు పెట్టేది."

దూయిలియో కంగారు పడ్డాడు. "అది గూడు కాదమ్మా! ఉత్త పింగాణీ పలక! మేం దాని మేకుకి నీళ్ళ గొట్టం తగిలించుకుంటాం!"

"ఎవరి మేకుకి?" అన్నాడు ఫాదర్ సెలెస్తీనో, చాలా నెమ్మదిగా.

"అంటే... మరియమ్మ..."

"మరియమ్మ తల మీద నీళ్ళ గొట్టం వేలాడదీశారా?"

దూయిలియో తల్లి పెద్ద భక్తురాలు, ఇంకా బతికే ఉంది, పక్క వీధిలోనే ఉంటుంది. అతను గేటు వైపు చూశాడు, ఫాదర్ వైపు చూశాడు, గేటు మీద గడ్డాలు ఆనించి వింటున్న అరవై ముగ్గురు సైకిళ్ళవాళ్ళ వైపు చూశాడు. "పళ్ళు తీసుకోను," అన్నాడు. "ప్రార్థన చేసుకుని వెళ్ళిపోండి." తాళం తీశాడు.

ఆ గోడ దగ్గరికి పోవాలంటే కాటా మీదుగా తప్ప దారి లేదు. ఒక పక్క పీపాలు, ఒక పక్క తొట్లు. ఫాదర్ గోడ ముందు ఆగాడు. ఆయన వెనక ట్రాక్టరు ఆగింది. ట్రాలీ సరిగ్గా కాటా మీద ఆగింది. ఎర్సీలియా పాట మొదలుపెట్టింది. మూడో చరణంలో కాటా గదిలోని యంత్రం టిక్కుమని, టకటకా కొట్టుకుని, చీటీ బయటికి కక్కింది. నాలుగు చక్రాలు నిమిషంపాటు కదలకుండా నిలబడితే అది తూచేస్తుంది. దానికి గేటు, గడువు, గ్వాల్తియేరో మేనల్లుడు ఏమీ తెలియవు. చీటీ అచ్చయితే సరుకు సొసైటీదే, వెనక్కి పంపడానికి వీల్లేదు. దూయిలియో పెట్టిన రూలే అది.

పాట అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. ఇరవై మూడు చరణాలు. అయ్యాక దూయిలియో చీటీ చించి, కళ్ళద్దాలు సర్దుకుని, ఓడిపోయినవాడి గొంతుతో అన్నాడు: "రొమిల్దమ్మ బరువు తీసెయ్యాలి కదా. ఎంతుంటుంది ఫాదర్?"

"ఆవిడ చెక్క. డెబ్బై."

"మరి ఎర్సీలియా..."

"నా బరువు నోటితో చెప్పావంటే మీ అమ్మకి గొట్టం సంగతి చెబుతా," అంది ఎర్సీలియా.

మొదటి చినుకులు పడేసరికి పెట్టెలన్నీ తొట్లో ఉన్నాయి. సైకిళ్ళవాళ్ళు షెడ్డు కింద దూయిలియో పోసిన కొత్త వైన్ తాగుతూ, ఇంత మంచి రోడ్డు ఎక్కడా చూడలేదనీ, ఏటేటా వస్తామనీ ఫోస్కాకి చెబుతున్నారు. లొరియానో అక్కని కుర్చీతో సహా దింపి, షెడ్డు చూరు కింద కూర్చోబెట్టి, పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నేను నిన్ను అనుమానించానక్కా."

"తెలుసు. నిజంగానే సాగదీశాను."

"అయితే గేటెందుకు తీయించావు?"

ఎర్సీలియా వానలోకి చూస్తూ కూర్చుంది. "సాగదీసింది పన్నెండు దాటించాలని కాదురా మూర్ఖుడా. దిగాలనిపించక. నాలుగేళ్ళయింది నా మోకాళ్ళు పోయి. నాలుగేళ్ళూ తోటని వంటింటి కిటికీలోంచే చూశాను. నువ్వు ట్రాక్టరేసుకుని పోతావు, వస్తావు. ఒక్క రోజు, ఒక్క రోజైనా, రా అక్కా అన్నావా? కిటికీలోంచి చూసుకునే తోట నాకెందుకూ, అమ్మిపారేస్తే పీడాపోతుందనుకున్నాను." చేత్తో నోరు తుడుచుకుంది. "ఇవాళ పళ్ళ మీద కూర్చుని ఆ దారంతా చూశాను. చిన్నప్పుడు నాన్న ఎద్దుబండి మీద ఎక్కించుకున్నట్టే ఉంది."

లొరియానో తల దించుకున్నాడు. అరవై ఆరేళ్ళలో ఇంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

"తోట ఉంటుంది," అంది. "మాటంటే మాటే. కానీ వచ్చే ఏడు కూడా నన్ను ఇలాగే తీసుకెళ్ళాలి."

"ట్రాక్టరు మీద రోజూ ఎక్కించుకుంటానక్కా! రోజుకి నాలుగుసార్లు!"

"ఉత్త ట్రాక్టరైతే పావుగంటలో వచ్చేస్తావు నువ్వు, నీ జోరు నాకు తెలుసు. నాకు పావుగంటొద్దు. నాలుగు గంటలు కావాలి. ఫాదరు, సర్దార్లు, ఆ పొట్టి నిక్కర్ల వాళ్ళు, పన్నెండు గూళ్ళు, అన్నీ కావాలి."

అంతలో ఫోస్కా ఫోను చెవి నుంచి తీస్తూ గంతులేసినట్టు వచ్చింది. "బాబాయ్, శుభవార్త! మేయరుతో మాట్లాడాను. జరిగిందంతా విని తల పట్టుకున్నాడు. సోమవారమే అత్యవసర మీటింగు. వచ్చే ఏటి నుంచి ట్రాక్టర్లకి నిషేధం లేదు. నువ్వు హాయిగా, ఏ ఊరేగింపూ లేకుండా..."

లొరియానో లేచి, వానలో బయటికి వచ్చి, ఫోస్కా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వద్దు తల్లీ," అన్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ నిషేధం ఎత్తెయ్యనివ్వకండి."